సూది భయం ఎక్కడ పుడుతోంది? ఇద్దరు ఆరోగ్య మంత్రులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు,



ప్రతి బుధవారం, శనివారం మీ శాఖల ఏఎన్ఎంలు అంగన్‌వాడీ కేంద్రాల్లో, ఉపకేంద్రాల్లో, పల్లె దవాఖానాల్లో పసిబిడ్డలకు టీకాలు వేస్తారు. 1985లో మొదలై దేశమంతటికీ విస్తరించిన సార్వత్రిక టీకాల కార్యక్రమంలో అది భాగం. కంఠసర్పి, ధనుర్వాతం వంటి జబ్బుల పేర్లు ఈ తరం తల్లుల్లో చాలామందికి వినికిడిగా మాత్రమే తెలుసంటే అది ఈ కార్యక్రమం చలవే. దాని మీద గౌరవంతోనే ఈ లేఖ రాస్తున్నాను. టీకా వేసే ఆ రెండు నిమిషాల్లో బిడ్డ ఒంటికి రక్షణతో పాటు మనసుకు ఒక భయం కూడా అందుతోంది. ఆ భయం ఎలా పుడుతుందో శాస్త్రానికి వందేళ్లుగా తెలుసు. చాలావరకు పుట్టకుండా చూడటం కూడా తెలుసు. అందుకు కొత్త మందులు అక్కర్లేదు, పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. బిడ్డను పట్టుకునే తీరు, సూదులు వేసే వరస, అక్కడ పెద్దవాళ్లు మాట్లాడే మాట మారితే చాలు. మీరు తలుచుకుంటే ఒక్క ఉత్తర్వుతో మొదలయ్యే పని అది.

నెలన్నర టీకాకు తెచ్చిన బిడ్డను ఒకసారి దగ్గరగా గమనించండి. వ్యాక్సిన్ పెట్టె మూత తెరుచుకుంటుంది. తల్లి బిడ్డను బల్ల మీద వెల్లకిలా పడుకోబెడుతుంది. అమ్మమ్మ మోకాళ్లు కదలకుండా అదిమి పట్టుకుంటుంది. ఏఎన్ఎం తొడ మీద తడి దూదితో తుడుస్తుంది. అంతవరకు బిడ్డకు ఆ చల్లటి తడి స్పర్శ మామూలు స్పర్శే. రెండు మూడు సెకన్ల తర్వాత సూది దిగుతుంది. బిడ్డ ఊపిరి బిగబట్టి, మొహమంతా కందిపోయి, గుక్క పట్టి ఏడుస్తుంది. ఆ గుక్క తిరిగేలోపే రెండో తొడకు ఇంకొకటి, చేతికి మరొకటి. ఆ ఒక్క రోజే మూడు సూదులు. రెండున్నర నెలలకు ఒకటి, మూడున్నర నెలలకు మళ్లీ మూడు, తొమ్మిదో నెల తట్టు టీకాతో ఇంకో మూడు. పుట్టిన వెంటనే వేసే రెండింటితో కలిపి, ఏడాది నిండేలోపు దాదాపు 12 సార్లు ఒకే వరసలో అవే జరుగుతాయి: పడుకోబెట్టడం, అదిమి పట్టడం, తడి దూది, ఆ వెంటనే నొప్పి. రష్యాలో ఇవాన్ పావ్‌లోవ్ ప్రయోగశాలలో కుక్కలకు జరిగింది కూడా ఇలాంటిదే. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్న ఆయన, తిండి కనబడకముందే, తిండి వస్తుందని తెలిపే చప్పుడు వినబడగానే కుక్కలకు నోట్లో నీళ్లూరడం గమనించి ఆ దారిలోకి మళ్లారు. బీఈడీ విద్యార్థులు శాస్త్రీయ నిబంధనం అనే పేరుతో చదువుకునేది దీన్నే. తిండికి బదులు నొప్పి వస్తే శరీరం నోరూరడానికి బదులు భయాన్ని నేర్చుకుంటుంది. మొదట ఏ అర్థమూ లేని తడి దూది కాస్తా రాబోయే నొప్పికి ముందస్తు కబురవుతుంది.

ఇంత పసివాళ్లకు ఇవన్నీ ఎక్కడ గుర్తుంటాయి, రెండు నిమిషాలు ఏడ్చి పాలు తాగి నిద్రపోతారు కదా అని ఎవరైనా అడగవచ్చు. ముందుగా ఎదురయ్యే అభ్యంతరం ఇదే కాబట్టి దీని దగ్గర కొంచెం ఆగుతాను. కెనడాలోని టొరంటోలో అన్నా టాడియో బృందం 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. మధుమేహం ఉన్న తల్లులకు పుట్టిన శిశువులకు చక్కెర పడిపోతుందేమోనని మొదటి రోజంతా పదేపదే మడమ గుచ్చి రక్తం తీస్తారు. మామూలు శిశువులకు అలా తీయరు. ఆ తర్వాత రెండు రకాల శిశువులకూ ఇతర పరీక్షల కోసం చేతి నరం నుంచి ఒకసారి రక్తం తీశారు. మడమ గుచ్చించుకుని ఉన్న శిశువులు, సూది ఇంకా తాకకముందే, చర్మాన్ని తుడుస్తున్నప్పుడే మిగతావాళ్ల కంటే ఎక్కువగా మొహం ముడిచారు. సూది దిగాక నొప్పి కూడా వాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. పుట్టి రెండు రోజులైనా నిండని బిడ్డలు అప్పటికే రాబోయే నొప్పిని ఊహించడం నేర్చుకున్నారు. అది చిన్న అధ్యయనమే. అయినా, పసిబిడ్డకు ఏమీ అంటదన్న నమ్మకాన్ని కదిలించడానికి అది సరిపోతుంది.

గుర్తుండటం వేరు, భయపడటం వేరు అన్న సంగతి ఇంకో దారిలో కూడా తేలింది. జెనీవాలో ఎడ్వర్డ్ క్లాపరేడ్ అనే వైద్యుడు 1911లో రాసిన ఉదంతం వైద్యవిద్యార్థులకు బాగా తెలుసు. ఆయన దగ్గరున్న ఒక రోగికి కొత్త జ్ఞాపకాలు నిలిచేవి కావు. రోజూ కలిసే వైద్యుణ్ణి కూడా రోజూ కొత్తగా పరిచయం చేసుకునేది. ఆయన ఒకరోజు వేళ్ల మధ్య గుండుసూది దాచుకుని ఆమెతో చేయి కలిపాడు. తర్వాత ఆయన చేయి చాచినప్పుడు ఆమె చేయి వెనక్కి లాగేసుకుంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది. గుచ్చిన సంగతి ఆమెకు గుర్తులేదు, చేతికి మాత్రం తెలుసు. రోగి మీద అలాంటి ప్రయోగం ఈనాడు ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. 1995లో ఆంటోయిన్ బెషారా, తోటి పరిశోధకులు దీన్నే మరింత స్పష్టంగా నిరూపించారు. మెదడులో అమిగ్డలా అనే భాగం దెబ్బతిన్న మనిషికి ఏ రంగు చూపాక భయంకరమైన హారన్ మోగిందో చక్కగా గుర్తుంది, కానీ ఆ రంగు చూసినప్పుడు ఒళ్లు మాత్రం బెదరలేదు. హిప్పోకాంపస్ అనే ఇంకో భాగం దెబ్బతిన్న మనిషి పరిస్థితి దీనికి తలకిందులు. ఒళ్లు బెదిరింది, ఎందుకో మాత్రం గుర్తులేదు. పసితనంలో హిప్పోకాంపస్ ఇంకా పూర్తిగా పరిణతి చెంది ఉండదు. అందుకే నెలన్నర టీకా ఎవరికీ గుర్తుండదు. గుర్తులేదు కాబట్టి మిగిలిపోలేదని అనుకోవడానికి మాత్రం ఆధారం లేదు.

ఇంకో అభ్యంతరం మొదటిదానికంటే గట్టిది. ఊళ్లో పిల్లలందరికీ సూదులు పడ్డాయి, అందరూ సూదికి జడిసేవాళ్లు కాలేదు కదా! ఈ మాట నిజం. అందుకే నొప్పి, భయం అన్న లెక్క అంత నేరుగా ఉండదని ఒప్పుకోవాలి. సూదీ రక్తమూ చూస్తే కళ్లు తిరిగి పడిపోయే స్వభావం కుటుంబాల్లో వస్తుంటుంది. భయపడేవాళ్లలో చాలామంది అది ఏ సంఘటనతో మొదలైందో చెప్పలేరు. భయానికి ఒక్క దారి కాదు, మూడు దారులున్నాయని స్టాన్లీ రాక్‌మన్ 1977లోనే వాదించాడు: స్వయంగా అనుభవించడం, ఇంకొకరి భయాన్ని చూడటం, భయపెట్టే మాట వినడం. సూది విషయంలో మన ఇళ్లలో, మన కేంద్రాల్లో ఈ మూడు దారులూ తెరిచే ఉన్నాయన్నదే నా బాధ. ఇక ఒకే రకం నొప్పి ఒకరికి భయమై, ఇంకొకరికి కాకపోవడానికి కారణం వెతికినవాళ్లలో బ్రిటన్ మనస్తత్వవేత్త గ్రాహం డేవీ ఒకరు. పంటి వైద్యుడి దగ్గర గట్టిగా నొప్పి అనుభవించినా భయం పట్టుకోనివాళ్లకు, ఆ నొప్పికి ముందే నొప్పిలేని సందర్శనలు ఎక్కువగా జరిగాయని 1989లో ఆయన గమనించాడు. ఒక చోటు ముందుగా మామూలు చోటుగా అలవాటైపోతే ఆ తర్వాత అక్కడ జరిగిన చెడు అంత తేలిగ్గా దానికి అంటుకోదు. జంతువుల్లో ఈ సంగతి 1950ల చివర్లోనే తేలింది.

దీన్ని రాబర్ట్ రెస్కోర్లా 1968లో ఎలుకల మీద చేసిన ప్రయోగంతో కలిపి చదవాలి. చప్పుడు, షాకు కలిసి వచ్చినంత మాత్రాన ఎలుక ఆ చప్పుడుకు భయపడదు. చప్పుడు లేనప్పుడు కూడా షాకులు అంతే తరచుగా తగులుతుంటే, చప్పుడు ఏ కబురూ మోయదు, భయమూ పుట్టదు. మెదడు లెక్క పెట్టుకునేది ఎన్నిసార్లు కలిసి వచ్చాయన్నది కాదు, ఇది వస్తే అది తప్పక వస్తుందా అన్నది. ఈ ఒక్క మాటలో మీ శాఖలకు పనికొచ్చే విషయం చాలా ఉంది. బిడ్డ ఉపకేంద్రం గడప తొక్కేది సూది కోసమే అయితే ఆ గడప, ఆ బల్ల, ఆ ఏఎన్ఎం అక్క గొంతు అన్నీ నూటికి నూరు పాళ్లు సూదికి గుర్తులవుతాయి. అదే అంగన్‌వాడీ అయితే వేరు. అక్కడ బిడ్డ బరువు తూస్తారు, గుడ్లు, బాలామృతం ఇస్తారు, పాటలు పాడతారు, ఆడిస్తారు. సూది పడేది ఏ కొన్ని రోజులో. అందుకే టీకా అంగన్‌వాడీలో వేయడం మంచి ఏర్పాటు. ఎవరు ఏ కారణంతో మొదలుపెట్టినా మనస్తత్వశాస్త్రం దాన్ని సమర్థిస్తుంది. పల్లె దవాఖానాలో కూడా టీకా లేని రోజున బిడ్డను ఒకసారి తీసుకురమ్మని, ఊరికే బరువు చూసి, నవ్వించి పంపమని ఆశా కార్యకర్తకు చెబితే ఖర్చేమీ లేదు. బిడ్డ లెక్కలో మాత్రం చాలా మారుతుంది.

రెండో దారి చూసి నేర్చుకోవడం. 1980ల్లో సూసన్ మినెకా, మైకేల్ కుక్ రీసస్ కోతుల మీద చేసిన పని దీనికి గట్టి ఆధారం. ప్రయోగశాలలో పుట్టి పెరిగిన కోతులకు పామంటే భయం లేదు. అడవిలో పెరిగిన కోతి పామును చూసి బెదిరిపోవడం కాసేపు చూపిస్తే చాలు, అవీ భయం నేర్చుకున్నాయి. అదే పరిశోధకులు 1986లో ఇంకో సంగతి చూపించారు. పామును చూసి బెదరని కోతిని ముందుగా చూసిన కోతులు, తర్వాత బెదిరే కోతిని చూసినా చాలావరకు భయం నేర్చుకోలేదు. దాన్ని వాళ్లు భయానికి టీకా అన్నారు. మన కేంద్రాల్లో జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. తల్లి మొహం తిప్పుకుని కళ్లు గట్టిగా మూసుకుంటుంది, తర్వాత ఏడుస్తున్న బిడ్డతో తానూ ఏడుస్తుంది. చిన్న బిడ్డ సూదికి ఎలా అరుస్తోందో పక్కన నిలబడ్డ మూడేళ్ల అన్న చూస్తూనే ఉంటాడు. బడుల్లో పదేళ్లకు, పదహారేళ్లకు ధనుర్వాతం, కంఠసర్పి టీకా వేసేటప్పుడు పిల్లలను ఒకే వరసలో నిలబెడతారు. ముందున్న పిల్ల కెవ్వుమంటే వెనక ముప్పై మంది చూస్తారు. ఒకరు కళ్లు తిరిగి పడితే, ఆ వెంటనే ఇంకో నలుగురు పడటం ప్రపంచమంతటా తెలిసిన విషయమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీని మీద ప్రత్యేకంగా ఒక మార్గదర్శక పుస్తకమే తెచ్చింది. అది టీకా దోషం కాదు, ఒత్తిడికి శరీరం చూపే స్పందన అని అందులో వివరించింది. కానీ మర్నాడు పేపర్లో టీకా వికటించిందని వార్త వస్తుంది, పక్క ఊళ్లో తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపరు. వరసను తరగతి బయట ఉంచి, సూది లోపల వేసి, ఇంకో తలుపు గుండా పంపేస్తే చాలావరకు తప్పే చిక్కు ఇది.

మూడోది మాట. అన్నం తినకపోతే డాక్టరు గారితో సూది వేయిస్తాననే బెదిరింపు తెలుగు ఇళ్లలో ఎంత మామూలో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఆ మాట అన్న అమ్మమ్మకు గానీ తాతయ్యకు గానీ చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. బిడ్డకు మాత్రం సూది ఒక శిక్షగా పరిచయమవుతుంది, వేసే మనిషి శిక్షించే మనిషి అవుతుంది. మాట ఎంతకాలం మిగులుతుందో చెప్పడానికి కుక్కకాటు మందు ఒక్కటి చాలు. బొడ్డు చుట్టూ 14 సూదులు వేస్తారన్న భయం మన ఊళ్లలో ఇప్పటికీ వినబడుతుంది. గొర్రె మెదడు కణజాలంతో తయారైన ఆ పాత టీకాను భారతదేశం 2004 చివర్లో ఆపేసింది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసేది చేతి చర్మంలోకి, నాలుగు విడతల్లో. ఆ 14 సూదులు ఎప్పుడూ చూడని వాళ్లకు, వాటిని ఆపాక పుట్టినవాళ్లకు కూడా వాటి భయం అలాగే ఉంది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. అందువల్ల ఆ పాత మాట విని ఆసుపత్రికి రాకుండా పసరు పోయించుకునేవాడు చెల్లించే మూల్యం ప్రాణం.

సూది భయం చేసే నష్టం ఏడుపుతో ఆగదని చూపే లెక్కలు కూడా ఉన్నాయి. కోవిడ్ టీకా వచ్చిన కొత్తలో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డేనియల్ ఫ్రీమన్ బృందం బ్రిటన్‌లో 15,014 మంది పెద్దలను సర్వే చేసింది. ఇంచుమించు నలుగురిలో ఒకరికి సూది, రక్తం అంటే జబ్బు అనదగ్గంత భయం ఉండవచ్చని ఆ ప్రశ్నావళి సూచించింది. అలాంటివాళ్లలో టీకాకు వెనకాడటం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఈ భయమే లేకపోతే మొత్తం వెనకాడటంలో పదో వంతు తగ్గి ఉండేదని వాళ్ల అంచనా. అది బ్రిటన్ లెక్క, ఆ శాతాలను ఇక్కడికి ఎత్తి తెచ్చి పెట్టలేం. కానీ భయం ఇక్కడ తక్కువని అనుకోవడానికి కూడా కారణం కనబడదు. మధుమేహం ఇంత ఎక్కువగా ఉన్న మన రెండు రాష్ట్రాల్లో, మాత్రలు పనిచేయక ఇన్సులిన్ మొదలుపెట్టాలని డాక్టరు చెప్పాక వాయిదా వేస్తూ పోయేవాళ్లు ఎంతమందో ఏ ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుణ్ణి అడిగినా చెబుతారు. వాయిదాకు కారణాలు చాలా ఉంటాయి. సూది వాటిలో ఒకటి. ఆ సూది భయం తొలి విత్తు పడింది బహుశా యాభై ఏళ్ల కిందట ఏదో బల్ల మీద.

భయం పుట్టాక తీసేద్దామంటే అంత తేలిక కాదు. భయపడే గుర్తును నొప్పి లేకుండా పదేపదే ఎదురుగా పెడితే భయం తగ్గుతుంది, దాన్ని పావ్‌లోవే చూశారు. కొంత కాలం ఊరుకుంటే అది మళ్లీ తలెత్తడం కూడా ఆయనే చూశారు. మార్క్ బౌటన్ ఎలుకలతో చేసిన ప్రయోగాల్లో ఒక గదిలో పోయిన భయం ఇంకో గదికి మార్చగానే తిరిగొచ్చింది. పాత పాఠం చెరిగిపోదు, దాని మీద ఇంకో పాఠం రాసుకుంటుందంతే. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు కుందేలంటే హడలిపోయే మూడేళ్లలోపు పిల్లవాడు పీటర్‌కు ఆ భయాన్ని పోగొట్టిన కథ మనస్తత్వశాస్త్రంలో పేరున్నది. మిగతా పిల్లలు కుందేలుతో ఆడుకుంటుంటే చూపించి భయం కొంత తగ్గించింది. ఇంతలో వాడికి జ్వరం వచ్చి ఆసుపత్రిపాలయ్యాడు, బయటకు వచ్చేటప్పుడు ఒక పెద్ద కుక్క మీదకు దూకింది, భయం మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడామె ఇంకో దారి పట్టింది. పీటర్ ఇష్టమైన తిండి తింటుండగా కుందేలును దూరంగా ఉంచి, రోజురోజుకీ కొంచెం కొంచెం దగ్గరకు జరిపింది. చివరకు వాడు ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో కుందేలును నిమిరాడు. ఒక్క పిల్లవాడి కోసం ఎన్ని వారాల ఓపికో చూడండి. పెద్దయ్యాక సూది భయం పోగొట్టే చికిత్సలు ఉన్నాయి, కళ్లు తిరిగేవాళ్లకు కండరాలు బిగించడం నేర్పే పద్ధతి స్వీడన్‌లో లార్స్ గోరాన్ ఓస్ట్ రూపొందించాడు, అది బాగా పనిచేస్తుంది. కానీ జిల్లాకు ఎంతమంది క్లినికల్ సైకాలజిస్టులు ఉన్నారో మీకే తెలుసు. ముందే ఆపడం ఒక్కటే మనకు అందుబాటులో ఉన్న దారి.

ఆ దారి ఏమిటో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 సెప్టెంబరులో టీకా నొప్పి మీద విడుదల చేసిన పత్రంలో ఉంది. పాలు తాగే బిడ్డకు తల్లి పాలిస్తుండగానే, లేదా పాలిచ్చిన వెంటనే టీకా వేయాలి. బిడ్డను బల్ల మీద పడుకోబెట్టి అదమకుండా తల్లి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. ఒకే రోజు రెండు మూడు సూదులుంటే ఎక్కువ నొప్పి పుట్టించేది చివర వేయాలి, ఎందుకంటే మొదటి నొప్పి రెండోదాన్ని పెంచుతుంది. సూది దిగాక పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడటం మానాలి; అది అనవసరం, పైగా సూది లోపల ఉండే సమయం పెరుగుతుంది. కొంచెం పెద్ద పిల్లలకు బొమ్మతోనో మాటతోనో ధ్యాస మళ్లించాలి. అస్సలు నొప్పి ఉండదని అబద్ధం చెప్పకూడదు, బెదిరించే మాట అనకూడదు. గుచ్చిన చోట ముందుగా రుద్దడం, జ్వరం మాత్ర ముందే వేయడం పనిచేయవని, చర్మాన్ని మొద్దుబార్చే క్రీములు ప్రభుత్వ కార్యక్రమాలకు ఖర్చు రీత్యా సరిపడవని అదే పత్రం చెప్పింది. డబ్బు లేని దేశాలను కళ్ల ముందు పెట్టుకుని రాసిన సలహా ఇది.

చదువుకున్నవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది, అది తెలివైన ప్రశ్న. తడి దూది నొప్పికి గుర్తయినప్పుడు, పాలిస్తుండగా సూది వేస్తే అమ్మ పాలే నొప్పికి గుర్తు కావా? నిబంధనం సంగతి తెలిసినవాళ్లకే ఈ అనుమానం వస్తుంది, జవాబు కూడా అందులోనే ఉంది. నెలన్నర బిడ్డ అప్పటికి కొన్ని వందల సార్లు నొప్పి లేకుండా పాలు తాగి ఉంటుంది, ఆ తర్వాత ప్రతి రోజూ తాగుతూనే ఉంటుంది. రెస్కోర్లా లెక్కలో పాలు ఏ నొప్పికీ కబురు కావు. డేవీ చూపినట్టు, అంతగా అలవాటైన దానికి కొత్త భయం అంత తేలిగ్గా అంటుకోదు. పైగా పాలు తాగడం బిడ్డ శరీరాన్ని నొప్పికి ఎదురుగా నిలబెడుతుంది, జోన్స్ చేతిలో తిండి చేసిన పని అదే. పాలు గొంతుకు అడ్డం పడతాయన్న భయం కూడా తల్లుల్లో ఉంటుంది. ఈ పద్ధతిని సిఫారసు చేసిన నిపుణులు ఆ అనుమానాన్ని పరిశీలించే సిఫారసు చేశారు.

ఇంకో మాట ఏఎన్ఎంల తరఫున. వాళ్ల మీద ఉన్న పని భారం అందరికీ కనబడుతూనే ఉంది. టీకాలు వేయడం, ఇంటింటి సర్వే, రిజిస్టర్లు, యాప్‌లో నమోదు, ఇంకా ఎన్నో. ఇప్పుడు ఈ మర్యాదలు కూడా వాళ్ల నెత్తిన పెట్టాలా అని వాళ్ల సంఘాలు అడిగితే తప్పు పట్టలేను. కానీ ఇందులో అదనపు పని చాలా తక్కువ. ఏ సూది ముందు, ఏది వెనక అన్నది వరస మాత్రమే. ఒళ్లో పెట్టుకున్న బిడ్డ కాళ్లు తన్నుకోదు కాబట్టి సూది కూడా తొందరగా, సరిగ్గా పడుతుంది. కావాల్సిందల్లా పాలిచ్చే తల్లికి ఒక కుర్చీ, అడ్డంగా ఒక పరదా. ఈ రెండూ లేని కేంద్రాలు ఎన్నో ఉన్నాయి, వాటిని సమకూర్చాల్సింది ఏఎన్ఎం కాదు, ప్రభుత్వం. తప్పు ఏఎన్ఎం మీద మోపే లేఖగా దీన్ని ఎవరూ చదవవద్దని నా విన్నపం. ఆమెకు ఇవన్నీ ఎవరూ నేర్పలేదు.

నొప్పి, భయం అని మనమే గట్టిగా మాట్లాడితే టీకాల మీద లేనిపోని అనుమానాలు పెరుగుతాయేమోనని అధికారులు సందేహించవచ్చు. ఆ జాగ్రత్త అర్థం చేసుకోదగ్గదే. అయితే తల్లికి బిడ్డ నొప్పి కొత్తగా మనం చెప్పేది కాదు, ఆమె చూస్తూనే ఉంది. ఆమె చూస్తున్న దాని మాట ఎవరూ ఎత్తకపోతే, దాన్ని దాచిపెడుతున్నారని అనుకుంటుంది. నొప్పి ఉంటుంది, దాన్ని ఇలా తగ్గిస్తాం, మీరు ఇలా పట్టుకోండి అని చెప్పిన ఏఎన్ఎం మాటను తల్లి తర్వాత జ్వరం విషయంలోనూ నమ్ముతుంది. భయం మీద మాట్లాడగానే 1920 నాటి వాట్సన్, రేనర్ ప్రయోగాన్ని ఎత్తిచూపి, పదకొండు నెలల బిడ్డను ఇనుప కడ్డీ చప్పుడుతో బెదరగొట్టిన ఆ పని మీద సిద్ధాంతం నిలబెడతారా అనేవాళ్లకు నా జవాబు ఇది: ఆ ప్రయోగం క్రూరమైనది, ఒక్క బిడ్డ మీద జరిగింది, దాన్ని తీసేసినా పైన చెప్పిన ఆధారాల్లో ఏదీ కూలదు. అల్బర్ట్ అని వాళ్లు పేరు పెట్టిన ఆ బిడ్డ భయాన్ని పోగొట్టకుండానే ఆసుపత్రి నుంచి పంపేశారు. పసిబిడ్డకు భయం నేర్పి, దాన్ని తీసే బాధ్యత ఎవరూ తీసుకోకపోవడం ఆ ప్రయోగంలో నన్ను ఎక్కువగా కలచేది. మన టీకా బల్లల దగ్గర ఉద్దేశం లేకుండానే అది కొంత జరుగుతోంది.

కాబట్టి నా అభ్యర్థన నిర్దిష్టంగా చెబుతాను. టీకా వేశాక ఏఎన్ఎం ప్రతి తల్లికీ నాలుగు ముఖ్య సందేశాలు చెప్పాలని ఇప్పటికే నిబంధన ఉంది: ఏ టీకా ఏ జబ్బు నుంచి కాపాడుతుంది; తర్వాతి టీకా ఎప్పుడు; ఏ ఇబ్బందులు రావచ్చు, వస్తే ఏం చేయాలి; కార్డు భద్రంగా దాచి వచ్చేసారి తేవాలి. వీటికి తోడు, టీకా వేసే ముందే చెప్పాల్సిన ఐదో మాట ఒకటి చేర్చండి: బిడ్డను ఒళ్లో పెట్టుకోండి, పాలిస్తూ ఉండండి, ఇంట్లో సూది పేరు చెప్పి బెదిరించకండి. రెండు రాష్ట్రాల ఏఎన్ఎం శిక్షణలో దీనికి ఒక పూట కేటాయించండి, ఆశా కార్యకర్తల నెలవారీ సమావేశంలో ఒకసారి చర్చకు పెట్టండి. బడుల్లో టీకా వేసేటప్పుడు వరస ఒక చోట, సూది ఇంకో చోట ఉండాలని విద్యాశాఖతో కలిసి ఉత్తర్వు ఇవ్వండి. కుక్కకాటు టీకా చేతికే వేస్తారని, విడతలు నాలుగేనని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. వీటిలో ఏదైనా ఒక్క జిల్లాలో ఆరు నెలలు చేసి చూసినా చాలు. నెలన్నర టీకాకు వచ్చిన బిడ్డల్లో మూడున్నర నెలల టీకాకు గడువులోపు ఎంతమంది వచ్చారో మీ రిజిస్టర్లలోనే ఉంటుంది, పక్క జిల్లాతో పోల్చి చూడవచ్చు. తల్లీబిడ్డల సంరక్షణ కార్డు మళ్లీ అచ్చుకు వెళ్లేటప్పుడు ఆ ఐదో సందేశానికి, పాలిస్తున్న తల్లి బొమ్మతో సహా, టీకాల పట్టిక పక్కనే చోటివ్వండి.

గౌరవంతో,
మీ రాష్ట్రాల పౌరుడొకరు